మసకబారిన అతుకు

మా ఆయనకు ముందు పనిచేసేది ముక్కు, ఆ తరువాతే కళ్ళు. ఏ వస్తువు తెచ్చి బల్లమీద పెట్టినా మూత విప్పి వాసన చూస్తారు. కాలిన వాసన, చెమ్మ వాసన, బొద్దింకలు కాపురం పెట్టిన వాసన, తెలిసీ తెలియని చెయ్యి ఎవరిదో కెలికిన వాసన, అన్నీ వేరువేరంటారు. పక్కనే పొయ్యి మీద పాలు మాడిపోతుంటే మాత్రం ఆ ముక్కుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పెరట్లో బట్టలారేస్తున్న నేనే పరుగెత్తుకుని రావాలి.

మా ఇంటి ముందు గదే ఆయన కొట్టు. వీధి తలుపు తెరిస్తే బల్ల, బల్ల వెనక ఆయన, ఆయన వెనక వంటింటి తలుపు, ఆ తలుపులో నేను. నా కాపురమంతా ఆయన వీపు చూస్తూ గడిచిందంటే అబద్ధం కాదు. రేడియోల పని మేనమామ దగ్గర నేర్చుకున్నారు. తరువాత టేపురికార్డర్లు, టీవీలు, ఆ తరువాత వీడియోగేములు. చుట్టుపక్కల అందరికీ ఆయన పేరుతో పని లేదు. ‘గేముల మెకానిక్’ అంటే చాలు, కుక్కలు కూడా దారి చూపించేవి.

అప్పట్లో ప్రతి ఇంట్లోనూ టీవీకి తగిలించుకునే ఆట పెట్టె ఒకటి ఉండేది. సెలవులొస్తే మా గుమ్మం ముందు పిల్లల చెప్పులు గుట్టపడేవి. అందులో ఆట క్యాసెట్ పెట్టగానే బొమ్మ రాకపోతే ప్రతివాడూ దాన్ని బయటికి లాగి మూతిలోకి ఊదేవాడు. ఊదితే పనిచేస్తుందని ఎవరు పుట్టించారో గానీ, ఆ ఊపిరి తడికే పిన్నులకు చిలుం పడుతోందిరా నాయనా అని ఈయన మొత్తుకునేవారు. ఎవరు వింటారు? మా అమ్మాయే మాకు తెలియకుండా ఊదేది.

ఆ రోజులు పోయాయి. ఇప్పుడు వచ్చేవన్నీ ఛార్జింగ్ పట్టని ఫోన్లు, మిక్సీలు, రిమోట్లు. కళ్ళద్దాలు మందమయ్యాయి. జేబులో భూతద్దం ఒకటి చేరింది. పని చేసినంతసేపూ వంగి ఉండి, లేచేటప్పుడు బల్ల పట్టుకుని కాసేపు అలాగే నిలబడతారు. ‘ఏమైందండీ’ అంటే ‘ఏం లేదు, నడుం’ అంటారు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఇల్లు గడవడానికి మాకు ఢోకా ఏమీ లేదు. అయినా తెల్లారితే తలుపు తీయడం, ఆ వంగుడు వంగడం. నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు.

ఆయనకు ఇంకో అలవాటుంది. బాగుచేసిన ప్రతి వస్తువుకూ మూత బిగించాక స్క్రూల తలల మీద ఒక్కో చుక్క గోళ్ళరంగు వేస్తారు. ఎవరైనా మళ్ళీ విప్పితే ఆ చుక్క పగులుతుంది. అప్పుడు ‘మీరు బాగుచేసిందే పాడైంది’ అని గొడవకు వచ్చినవాడికి ఆ పగులు చూపిస్తే సరి, నోరు మూసుకుని పోతాడు. సీసా నాది. ఎర్రటి ఎరుపు, ఇంకే రంగూ కుదరదు. ఇన్నేళ్ళలో నా గోళ్ళకంటే స్క్రూలకే ఎక్కువ సింగారం జరిగింది.

ఆమధ్య ఒకరోజు ఒకతను తువ్వాల్లో చుట్టిన పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. మడత నలగని చొక్కా, నున్నగా దువ్విన తల, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. నేను గుర్తుపట్టలేదు.

‘‘పిన్నిగారూ, నేనండీ, వెనక వీధి. చిన్నప్పుడు మీ అరుగు మీదే ఉండేవాణ్ణి’’ అన్నాడు.

అప్పుడు తెలిసింది. ముక్కు చీదుకుంటూ క్యాసెట్లు ఊదిన మూకలో ఒకడు. ఇప్పుడు ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగమే. నేను మనసులో ‘ఇస్త్రీ చొక్కా’ అని పేరు పెట్టుకున్నాను. తువ్వాలు విప్పితే పాత ఆట పెట్టె. తెల్లగా ఉండాల్సిన మూత ముసలి పన్నులా పసుపెక్కి ఉంది.

‘‘మా ఆవిడ ఎవరినో చూసిందండీ. ఇలాంటి పాతవి పోగుచేసేవాడట. పనిచేస్తేనే తీసుకుంటాడట. ఇల్లు సర్దుతున్నాం కదా, ఊరికే చోటు తింటోందని...’’ అని మాట మధ్యలో వదిలేసి, మూత మీద లేని దుమ్ము తుడిచాడు.

మా ఆయన ముఖం వెలిగింది. అది నేను చూశాను. చాన్నాళ్ళ తరువాత చేతికి తెలిసిన పని దొరికిన ముఖం అది. మూత విప్పారు, వాసన చూశారు. ‘‘చేపల వాసన. కెపాసిటర్లు కారాయి’’ అన్నారు.

నిజమే. బోర్డు మీద ఉండే చిన్న చిన్న డబ్బాలు రెండు అడుగున చెమర్చి, కింద ఉన్న రాగి గీతను తినేశాయి. స్విచ్చి నొక్కితే ఎర్రదీపం వెలుగుతోంది గానీ టీవీలో ఉత్త బూడిద రంగు. మీటరు పెట్టి అడాప్టరు చూశారు, బాగుంది. బోర్డు మీద చూస్తే కరెంటు నిలకడగా లేదు. డబ్బాలు మార్చి, కారినదంతా స్పిరిటుతో కడిగి, తెగిన గీత బదులు వెంట్రుకంత తీగ వేశారు. స్విచ్చి నుంచి బోర్డుకు వచ్చే తీగ కూడా పచ్చగా చిలుం పట్టి ఉంటే కొత్తది అతికారు. పిన్నుల్ని పిల్లలు చెరిపే రబ్బరుతో రుద్దారు. బల్ల చివర ఇలాంటి వాటి కోసమే దాచిన లావుపాటి టీవీకి తగిలించేసరికి ‘కుయ్’ మని పాట మొదలై, టోపీ పెట్టుకున్న బొమ్మ ఒకటి ఎగరడానికి సిద్ధంగా నిలబడింది.

ఇచ్చేముందు పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా నడిపి చూడటం ఆయన పద్ధతి. ఎవరూ ఆడకపోతే ఆ బొమ్మ నిలబడ్డ చోటే నిలబడి చచ్చిపోతుంది, మళ్ళీ పుడుతుంది, మళ్ళీ చస్తుంది. కూరలు తరుగుతూ నేనూ రెండుసార్లు ఆడాను. గోతిలో పడ్డాను. ఈయన నవ్వారు. చుక్కలు వేసి, ఇస్త్రీ చొక్కాకు కబురుపెట్టి ఇచ్చేశారు.

కొన్నాళ్ళకే మళ్ళీ తువ్వాలు. ‘‘పోయిందండీ బాబాయ్. దీపం కూడా వెలగడం లేదు. కొనేవాడు వచ్చి చూసి వెళ్ళిపోయాడు.’’

మా ఆయన మూత తిప్పి స్క్రూలు చూశారు. చుక్కలు చెక్కుచెదరలేదు. విప్పారు. స్విచ్చి నుంచి కొత్తగా వేసిన తీగ బోర్డు దగ్గర ఊడి వేలాడుతోంది. ఆయన భూతద్దం పెట్టి ఆ అతుకు వంక చూస్తూ ఎంతసేపు ఉండిపోయారంటే, టీ చల్లారిపోయి నేను మళ్ళీ కాచాను.

ఆ చూపేమిటో చెప్పాలి. తీగలు అతికే సీసం, అదే సోల్డరు, సరిగ్గా కరిగి సరిగ్గా ఆరితే అద్దంలా మెరుస్తుందట. ఆరేలోపు చెయ్యి కదిలినా, అతికే కడ్డీ వేడి చాలకపోయినా మసకబారి, పైన ఇసుక చల్లినట్టు అవుతుంది. అలాంటి అతుకు నాలుగు రోజులు అంటిపెట్టుకుని ఉన్నట్టే ఉండి ఊడిపోతుంది. ఈ పనిలో పసివాడు వేసే అతుకు అది. ఆయన మేనమామ మసక అతుకు కనిపిస్తే వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడట. ఇప్పుడు తన బల్లమీద, తన చేతి కింద, అదే మసక.

పాతది గీకేసి కొత్తగా వేశారు. ఊపిరి బిగబట్టి వేశారు. ఒకటికి రెండు రోజులు నడిపి ఇచ్చారు.

మూడోసారి కూడా అదే తీగ, అదే మసక.

ఆ మధ్యాహ్నం ఆయన రెండు చేతులూ చాపి నా ముందు పెట్టి, ‘‘వణుకుతున్నాయా?’’ అని అడిగారు.

‘‘ఈ వయసుకు ఎవరి చేతులు వణకవు? నావీ వణుకుతున్నాయి.’’

‘‘నువ్వు సోల్డరింగ్ చెయ్యవుగా.’’

‘‘అమ్మాయి చెప్తూనే ఉంది, కళ్ళు చూపించుకోమని. పోయి చూపించుకోండి.’’

‘‘కళ్ళు కాదే. చెయ్యి కదిలింది. కదిలినట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. చెయ్యి పోయింది. కొట్టు మూసేద్దాం.’’

నేను ఊరుకునే రకం కాదు. ‘ఒక్క తీగ ఊడితే కొట్టు మూస్తారా, తలనొప్పి వస్తే తల తీసేసుకుంటారా’ అని దులిపేశాను. గోడకు చెప్పినట్టే. మరునాటి నుంచి బల్ల కింద ఉన్నవన్నీ తీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చి రావడం మొదలుపెట్టారు. దర్జీ టేబుల్ ఫ్యాను, పాలవాడి టార్చి, ఎవరిదో రేడియో. ‘ఇంక నావల్ల కాదు, వేరే ఎవరికైనా ఇవ్వండి’ అని గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పి వస్తున్నారు. దర్జీ వచ్చి ‘ఏమిటమ్మా ఇది’ అని నన్ను నిలదీశాడు. ఏం చెప్పను? ఇన్నేళ్ళ మనిషి ఒక బొమ్మల పెట్టె దగ్గర ఓడిపోయాడని చెప్పనా? నాకు ఏడుపు వచ్చింది. కోపమొస్తే ఏడవడం నాకు అలవాటే, కానీ ఇది కోపం కాదు.

ఆట పెట్టె మాత్రం బల్లమీదే ఉంది. దాన్ని బాగుచేసి ఇచ్చాకే మూస్తానంటారు, చెయ్యి వేయడానికి ధైర్యం చాలదు. దుమ్ము దులుపుదామని తీసి వీధి గుమ్మంలో ఎండలోకి పెట్టాను. ఆయన విప్పిన స్క్రూలు మూతలో వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒకదాని తల మీద చుక్క నా కంట పడింది.

అది నా ఎరుపు కాదు.

నా సీసా తెచ్చి పక్కన పెట్టి చూశాను. నాది మిరపపండు ఎరుపు. ఇది అందులో కొంచెం వంకాయ కలిపినట్టుంది. మగవాళ్ళకు ఏదైనా ఎరుపే. అందులోనూ మా ఆయన కళ్ళద్దాలకు పచ్చ కాకపోతే చాలు. నాకెందుకు తెలియదు? ఆ సీసా నేను కొన్నది. మిగతా స్క్రూలూ చూశాను. అన్నీ వంకాయే. ఎవరో విప్పి, మళ్ళీ బిగించి, ఆయన చుక్క మీద చుక్క వేశారు.

ఈయన రేడియో ఇవ్వడానికి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పుడే ‘‘అయిందా పిన్నిగారూ’’ అంటూ ఇస్త్రీ చొక్కా వచ్చాడు.

‘‘కూర్చో నాయనా. మీ ఆవిడ గోళ్ళకు ఏ రంగు వేసుకుంటుంది?’’ అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేనింకేమీ అననక్కర్లేకపోయింది.

‘‘బాబాయ్ గారికి చెప్పారా?’’ అన్నాడు చివరికి.

‘‘ముందు నాకు చెప్పు.’’

‘‘స్క్రూడ్రైవరు పొయ్యి మీద ఎర్రగా కాల్చి ఆ అతుకు మీద పెట్టి తీగ కదిపేశానండీ, రెండుసార్లూ. మా ఆవిడ లేనప్పుడు.’’

‘‘ఎందుకు?’’

‘‘పనిచేస్తే అమ్మేస్తుంది.’’

‘‘వద్దని చెప్పొచ్చుగా?’’

‘‘ఎలా చెప్పనండీ? ఎందుకు వద్దంటే చెప్పడానికి నా దగ్గర ఏముంది? పిల్లలు ఆడరు. నేనూ ఆడటం లేదు. చోటు తింటోంది, నిజమే. అదన్న ప్రతి మాటా సబబే. కానీ ఆ ఇంట్లో నాదంటూ అదొక్కటే ఉందండీ. పాడైపోయిందంటే ఎవరూ ఏమీ అడగరు కదా అని...’’

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో పదిమందికి చెప్పే మనిషి, పెళ్ళాంతో ఒక్క మాట చెప్పలేక, అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు ఆ పెట్టెను కాల్చుకుంటాడా? కాల్చుకో, నీ ఇష్టం. మరి నా మొగుడి సంగతేమిటి?

‘‘నీ తెలివి వల్ల ఆయన తన చెయ్యి పోయిందనుకుని కొట్టు మూసేస్తున్నారు, తెలుసా? ఇంటింటికీ తిరిగి నాకు చేతకాదని చెప్పుకొస్తున్నారు’’ అన్నాను.

అతనికి తెలియదు. ముఖం చూస్తే తెలిసింది. తెల్లబోయి, బల్ల ముందు స్టూలు మీద కూలబడ్డాడు. మా ఆయన వచ్చేదాకా లేవొద్దని చెప్పి, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

ఆయన రాగానే అతనే లేచి చెప్పాడు. నత్తినత్తిగా, నేలచూపులు చూస్తూ, కానీ అంతా చెప్పాడు. మా ఆయన మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చారు.

‘‘గ్యాసు మీద కాల్చావా? చెయ్యి కాల్చుకోలేదు కదా?’’

‘‘లేదు బాబాయ్.’’

‘‘ఇంకెప్పుడూ అలా చెయ్యకు. పిడి ప్లాస్టిక్కు, కారి మీద పడుతుంది.’’

అంతే. తిట్టలేదు. భూతద్దం తీసి, బోర్డు తిరగేసి, తాను వేసిన మిగతా అతుకులు ఒక్కొక్కటే చూశారు. అన్నీ మెరుస్తున్నాయి. నాకూ చూపించారు. తరువాత కడ్డీ వేడిచేసి ఆ తీగను మళ్ళీ అతికారు. వంగి, ఊది, తల పైకెత్తారు. అద్దంలా ఉంది. టీవీలో టోపీ బొమ్మ వచ్చి నిలబడింది. మూత బిగించి, చుక్కలు వేయకుండానే ఇచ్చేశారు.

‘‘ఇంటికెళ్ళి ఆవిడతో నీ నోటితో చెప్పు’’ అన్నాను నేను. తలూపి, పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని వెళ్ళాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. మళ్ళీ రాలేదు.

నాకు మాత్రం కొండంత బరువు దిగినట్టయింది. నా మొగుడి చెయ్యి బంగారం. ఎవరు కాదన్నారు? దర్జీకి ముందు చెప్పాలనుకున్నాను. ఫ్యాను వెనక్కి తెప్పించాలి, రేడియో తెప్పించాలి, ఊరంతా చాటాలి. ఈయన ఎగిరి గంతులేస్తారని కాదు గానీ, ఒక నవ్వయినా నవ్వుతారనుకున్నాను. ఆయన కడ్డీ ఆర్పేసి, బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నారు. ఎవరో పోయిన కబురు విన్నవాళ్ళు కూర్చున్నట్టు.

‘‘ఏమండీ, దర్జీ గారికి చెప్పి వస్తాను’’ అన్నాను.

‘‘వద్దే.’’

‘‘అదేమిటి? చెయ్యి బాగానే ఉందిగా.’’

‘‘బాగానే ఉంది’’ అన్నారు. ‘‘అదే కదా.’’

నాకు అర్థం కాలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఆ బల్లకు ఇవతల, గిరాకీలు కూర్చునే చోట నేను కూర్చోవడం అదే మొదలు. అక్కణ్ణుంచి ఆయన ముఖం కనిపిస్తుంది. ఇంత పీక్కుపోయిందని నేననుకోలేదు.

‘‘ఎన్నాళ్ళ నుంచో అలిసిపోయి ఉన్నానే’’ అన్నారు. ‘‘పొద్దున్నే ఆ తలుపు తీయాలంటే కాళ్ళు రావు. అయితే ఏమని ఆపను? చెయ్యి ఆడుతోంది, కన్ను ఎంతో కొంత కనిపిస్తోంది. వచ్చినవాళ్ళకు ఏమని చెప్పను? ఆ అతుకు ఊడినప్పుడు ముందు సిగ్గేసింది. తరువాత... ఈ వారం రోజులూ అన్నీ ఇచ్చేసి వస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో నీకు తెలియదు. చెయ్యి పోయింది అంటే ఎవరూ మారు మాట్లాడలేదు. ఇప్పుడు చెయ్యి బాగుంది. రేపు మళ్ళీ తీయాలి.’’

‘‘నాతో చెప్పొచ్చుగా?’’

‘‘ఏమని? అలిసిపోయానని చెప్తే నువ్వు నడుముకు మందు రాసి, టీ ఇచ్చి, మళ్ళీ కూర్చోబెడతావు.’’

అబద్ధమంటే ఒప్పుకోను. సరిగ్గా అదే చేసేదాన్ని. ఇందాక నేను కడిగేసినవాడికీ నా ఎదురుగా ఉన్నవాడికీ తేడా ఏముంది? అతని పెళ్ళానికీ నాకూ తేడా ఏముంది? నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

‘‘ఆపేయండి’’ అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

‘‘చెయ్యి పోకుండానే?’’

‘‘పోకుండానే. అలిసిపోయారు. చాలదా?’’

ఆయన నా వంక అనుమానంగా చూశారు. నేను లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టాను. లోపలి గదిలో చాప పరిస్తే వచ్చి పడుకున్నారు. చొక్కా కూడా విప్పలేదు.

సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. పై వీధి ఆవిడ, చేతిలో మిక్సీ.

‘‘బాగుచేయడం మానేశారమ్మా’’ అన్నాను.

‘‘అయ్యో, ఒంట్లో బాగాలేదా?’’

నోటిదాకా ఒక అబద్ధం వచ్చింది. ‘‘లేదు, బాగానే ఉన్నారు. అలిసిపోయారు’’ అన్నాను.

‘‘అలాగా’’ అని ఆవిడ మిక్సీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయింది. ఇంకేమీ అడగలేదు. లోపలికి వచ్చి చూస్తే ఆయన మేలుకునే ఉన్నారు.

‘‘ఏమన్నది?’’ అని అడిగారు.

‘‘అలాగా అంది.’’

‘‘అంతేనా?’’

‘‘అంతే.’’

ఆయన కాసేపు పైకప్పు వంక చూసి, అటు తిరిగి పడుకున్నారు. నేను లేపలేదు.